రాతా? నీళ్లా?

సప్లీ ఫీజు కట్టడానికి అది ఆఖరి రోజు. రూములో నలుగురం ఉన్నాం. మావాడు ఒకడికి మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఉంది, అదే సబ్జెక్టు రెండోసారి. ఫీజు కట్టమంటే ఫోన్ మీంచి కళ్లు ఎత్తకుండానే అన్నాడు: "కట్టినా పోతది రా. రాసిపెట్టి ఉంటే పాసయితం, లేకుంటే లేదు. మన చేతుల ఏముంది?" తను చూస్తున్న రీల్ మాకూ చూపించాడు. తెల్ల బట్టల్లో ఒక పెద్దాయన చాలా ప్రశాంతంగా చెప్తున్నాడు. చేసేవాడు అంటూ ఎవడూ లేడట, జరగడం ఒక్కటే ఉందట. ఫ్రీ విల్ అనేది వట్టి భ్రమట. వెనకాల ఫ్లూట్.

ఇంకొకడి ఫీడ్ వేరే రకం. వాడు లేచి కూర్చున్నాడు. "అంతా మైండ్‌సెట్ రా. గట్టిగా అనుకుంటే విశ్వం మొత్తం నీకు సాయం చేస్తది. ఫెయిలయ్యావంటే నువ్వు సరిగ్గా కోరుకోలేదు, అంతే."

అరగంట వాదించుకున్నారు. ఒకడి లెక్కలో మన చేతిలో ఏమీ లేదు, ఇంకొకడి లెక్కలో అంతా మన చేతిలోనే ఉంది. ఇద్దరూ ఆధ్యాత్మికత పేరుతోనే మాట్లాడుతున్నారు. నేను మాత్రం మా అమ్మమ్మ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఒక మాట. "ఫ్రీ విల్ లేదు" అనేదాన్ని నేను ఎగతాళి చెయ్యడం లేదు. ఆ మాట రీల్స్‌తో పుట్టలేదు. భగవద్గీత మూడో అధ్యాయం 27వ శ్లోకం చెప్పేది ఇదే: పనులన్నీ ప్రకృతి గుణాల వల్ల జరుగుతున్నాయి, అహంకారంతో కళ్లు మూసుకుపోయినవాడు 'నేను చేస్తున్నాను' అనుకుంటాడు. పద్దెనిమిదో అధ్యాయం 61వ శ్లోకంలో పోలిక మన బ్రాంచి వాళ్లకు ఇంకా దగ్గరగా ఉంటుంది. యంత్రం మీద ఎక్కించిన బొమ్మల్లాగా ప్రాణులన్నీ తిరుగుతున్నాయని, తిప్పేవాడు లోపలే ఉన్నాడని అంటుంది.

మచిలీపట్నంలో 1918లో పుట్టిన యు.జి. కృష్ణమూర్తి దేశదేశాలు తిరిగి, స్వేచ్ఛ అనేదే మనం కట్టుకున్న కథ అని జీవితమంతా వాదించాడు. బ్యాంక్ ఆఫ్ ఇండియాలో పెద్ద పదవి చేసి రిటైరైన రమేశ్ బల్సేకర్, ముంబయిలో తన ఇంటికొచ్చిన వాళ్లకు 'కర్త లేడు' అనే ఒక్క మాటనే ఏళ్ల తరబడి చెప్పాడు.

ల్యాబ్ వైపు నుంచి కూడా సాక్ష్యం ఉంది. 1983లో బెంజమిన్ లిబెట్ అనే శాస్త్రవేత్త, మనుషుల తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి, ఇష్టం వచ్చినప్పుడు చెయ్యి కదపమన్నాడు. "ఇప్పుడు కదుపుదాం" అని మనిషికి తెలియడానికి సుమారు మూడో వంతు సెకను ముందే మెదడులో సిగ్నల్ మొదలైనట్టు కనిపించింది. 2012లో ఆరన్ షుర్గర్ బృందం ఆ సిగ్నల్‌కి వేరే అర్థం చెప్పింది. అది నిర్ణయం కాదు, మెదడులో ఎప్పుడూ ఉండే నాయిస్ మెల్లగా పోగై గీత దాటడం కావచ్చంది. కాబట్టి కేసు ఇంకా మూయలేదు. కానీ ల్యాబ్ అక్కర్లేకుండా మనమే చూసుకోవచ్చు. ఈ వాక్యం చదవడం అయ్యాక మీకు రాబోయే ఆలోచన ఏమిటో ఇప్పుడే చెప్పండి. చెప్పలేరు. అది వచ్చాకే తెలుస్తుంది. 'నా ఆలోచన' అంటాం గానీ మనం పిలిస్తే వచ్చింది కాదు అది.

నిజాయితీగా చెప్పాలంటే, ఈ వాదానికి నా దగ్గర జవాబు లేదు. మనం ఎక్కడ పుట్టాలో, ఏ మీడియంలో చదవాలో, ఏ నీళ్లు తాగాలో మనం ఎంచుకోలేదు. ఆఖరికి మన పట్టుదల కూడా ఎక్కడినుంచో వచ్చిందే.

నీళ్లు అన్నాను కదా. అక్కడికే వస్తున్నా.

మాది నకిరేకల్. హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కితే హైవే మీద కనిపించే ఊరు. అమ్మ పుట్టిల్లు మాత్రం మునుగోడు వైపు. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి పోతే నాకు వింతగా కనిపించేది అమ్మమ్మ నడక. నడుము ముందుకు ఒంగిపోయి, మోకాళ్లు దగ్గరికొచ్చి ఉండేవి. మెడ తిరిగేది కాదు. పక్కన కూర్చున్న నన్ను చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. పీట మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. నేను పిచ్చిగా అడిగేవాణ్ని, "అమ్మమ్మా, నువ్వు ఎందుకు నిటారుగా నిలబడవు?" అని. ఆమె ఎప్పుడూ ఒకటే మాట: "నా రాత గిట్ల రాసిండు బిడ్డా. ఎవల్నని ఏం లాభం?"

ఇంట్లో అందరిదీ అదే మాట. పోయిన జన్మలో ఏం పాపం చేసిందో అని చుట్టాలు గుసగుసలాడటం నేను విన్నాను. ఒక అమావాస్యకు నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామి గుట్టకు తీసుకుపోయారు. రోగాలు, పీడలు పోతాయని అమావాస్య రాత్రి అక్కడ నిద్ర చేస్తారు. మా వైపు వాళ్లందరికీ తెలిసిందే. పైన మూడు గుండ్లు ఉంటాయి, వాటి సందులోంచి ఇరుక్కుంటూ దూరి బయటికి రావాలి. అమ్మమ్మ నడుముతో అది కాలేదు. సందు ముందర నిలబడి దండం పెట్టుకుని వచ్చేసింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరో అన్నారు, "దేవుడు కూడా రానియ్యలే" అని. అమ్మ ఏడ్చింది. అమ్మమ్మ ఏడవలేదు. రాత అనుకుంది కదా, ఆమెకు అది కొత్త సంగతేం కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సైన్స్ సార్ ఫ్లోరోసిస్ పాఠం చెప్పాడు. బోర్డు మీద వేసిన బొమ్మ చూసి నేను బిత్తరపోయాను. అది మా అమ్మమ్మ బొమ్మ.

ఆ తర్వాత తెలుసుకున్నది క్లుప్తంగా చెప్తాను. మన నల్లగొండ నేల అడుగున గ్రానైట్ రాయి. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బోర్లలో చాలాచోట్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి, వాసన ఉండదు. గుడ్డతో వడకట్టినా పోదు. కాచితే ఇంకా చిక్కబడుతుంది. చిన్నప్పుడు తాగితే పళ్ల మీద పచ్చటి, గోధుమరంగు గార పడుతుంది. ఏళ్లకేళ్లు తాగితే ఎముకలోకి చేరి దాని నిర్మాణాన్నే మారుస్తుంది. కీళ్ల దగ్గరి నరాలు, పట్టీలు గట్టిపడిపోతాయి. వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. తిండిలో కాల్షియం తక్కువైతే నష్టం ఇంకా ఎక్కువ. అంటే పేదింట్లో దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టింది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. పటికె, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసింది. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. మన జిల్లా పేరు ప్రపంచ పాఠ్యపుస్తకాలకు ఎక్కింది ఆ రకంగా. అదే జిల్లాలో మా అమ్మమ్మ మాత్రం 'రాత' అనుకుంటూ అవే నీళ్లు తాగింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. 'రాత' అన్న మాటలో తప్పెక్కడుంది?

అమ్మమ్మకు స్వేచ్ఛ ఉండి కూడా లేదనుకుంది అని నేను అనడం లేదు. ఆమెకు నిజంగానే స్వేచ్ఛ లేదు. ఊళ్లో ఉన్నది ఒక్క బోరు. దాహం ఆగదు. ఆ నీళ్లే తాగాలి. ఆ విషయంలో ఆమె యంత్రం మీద బొమ్మే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఫ్లోరైడ్ అనేది రాత కంటే కఠినమైనది. రాతనయితే మొక్కులతో మార్చుకోవచ్చన్న ఆశ ఉంటుంది. ఫ్లోరైడ్ మొక్కులు వినదు. ఇంత నీరు, ఇన్నేళ్లు, ఇంత వంకర: ఇక్కడ కార్యకారణం ఇనుపగొలుసులా ఉంది.

అయినా రెంటికీ ఒక తేడా ఉంది. 'రాత' అనగానే ప్రశ్న ఆగిపోతుంది. 'నీళ్లు' అనగానే ప్రశ్న మొదలవుతుంది. ఏ నీళ్లు? ఏ బోరువి? ఎంత ఉంది? వేరే నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? ఎవరు తేవాలి? ఎందుకు తేలేదు? రాతను కొలిచే మీటరు లేదు, నీళ్లను కొలవొచ్చు. కారణం మన చేతిలో లేకపోవడం ఒక సంగతి, కారణం వెతకకుండా ఉండటం ఇంకో సంగతి. మొదటిది మన పరిస్థితి. రెండోది మనం వేసుకున్న తలుపు.

విచిత్రం ఏమిటంటే, ఈ తేడా పాత గ్రంథాలకు బాగా తెలుసు. మా నకిరేకల్ నుంచి సూర్యాపేట మీదుగా జనగామ దారిలో పోతే ఫణిగిరి గుట్ట వస్తుంది. సుమారు 2000 ఏళ్ల కిందటి బౌద్ధ విహారం. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు కూడా పోయాయి. బుద్ధుడి కాలంలోనే మక్ఖలి గోసాలుడు అనే ఆచార్యుడు ఉండేవాడు. ఆజీవకుల గురువు. ఆయన సిద్ధాంతం 'నియతి'. దారపు ఉండను విసిరితే దారం ఉన్నంత దూరం అదే విప్పుకుంటూ పోయినట్టు, జీవుడి దారి ముందే చుట్టేసి ఉంది, ప్రయత్నం అనేది వట్టి మాట అన్నాడట. మన రూమ్మేట్ చూసిన రీల్ కంటే దాదాపు 2500 ఏళ్ల ముందు! బుద్ధుడు ఆత్మ అనేదే లేదన్నవాడు, 'నేను చేస్తున్నాను' అనే గర్వాన్ని ముక్కలు చేసినవాడు. అయినా గోసాలుడి మాటను మాత్రం అన్నిటికంటే హాని చేసే బోధ అన్నాడు.

శివకుడు అనే పరివ్రాజకుడు ఒకసారి ఆయన్ని అడిగాడు: మనిషి పడే బాధంతా పూర్వకర్మ ఫలమే అంటారు కదా, మీరేమంటారు? బుద్ధుడు ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, మూడూ కలిసి చెడటం, రుతువు మారడం, ఒళ్లు సరిగ్గా చూసుకోకపోవడం, బయటినుంచి దెబ్బ తగలడం. ఎనిమిదోది, ఆఖరిది, కర్మ. అంతా కర్మే అనేవాళ్లు తాము చూసినదాన్ని, లోకానికి తెలిసినదాన్ని కూడా దాటిపోతున్నారన్నాడు.

గీత కూడా ఇలాగే లెక్కపెడుతుంది. పద్దెనిమిదో అధ్యాయం 14వ శ్లోకం: ఏ పని జరగాలన్నా ఐదు కలవాలి. ఆధారంగా ఉండే చోటు లేదా శరీరం, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. అక్కడా దైవం ఆఖర్నే ఉంది. రెండు శ్లోకాల తర్వాత, అంతా నేనొక్కణ్నే చేశాననుకునేవాడికి చూపు సరిగ్గా లేదని కూడా అంటుంది. అంటే ఆ దెబ్బ మైండ్‌సెట్ గురువులకు. ఇక యంత్రం పోలిక చెప్పిన 61వ శ్లోకం దాటి రెండడుగులు వేస్తే, 63లో కృష్ణుడు ఇదంతా బాగా ఆలోచించుకుని ఇష్టమైనట్టు చెయ్యమని అర్జునుడికే వదిలేస్తాడు. రీల్ తీసేవాళ్లు 61 దగ్గర ఆపేస్తారు. 63 దాకా నిడివి సరిపోదేమో.

మనం ఇంజినీరింగ్ వాళ్లం కాబట్టి మన భాషలో చెప్తా. సర్క్యూట్ పని చెయ్యకపోతే ముందు సప్లై చూస్తాం, తర్వాత కనెక్షన్లు, తర్వాత కాంపొనెంట్లు. అన్నీ చూశాక కూడా దొరక్కపోతే అప్పుడు తల పట్టుకుంటాం. ముందే "దీని కర్మ" అనేవాడికి ల్యాబ్‌లో మార్కులెయ్యరు. ఎనిమిదింట్లో ఎనిమిదోదాన్ని, ఐదింట్లో ఐదోదాన్ని మనం తీసుకొచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టాం. మా అమ్మమ్మ విషయంలో జరిగింది అదే. శాస్త్రం తప్పు చెప్పలేదు, మనం వరస మార్చి చదివాం.

"సరే, కారణం తెలిసినా చేతిలో ఏముంది?" అని మావాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి నల్లగొండే ఒక జవాబు చెప్పింది. ఫ్లోరైడ్ బాధితుల కోసం, సాగు, తాగు నీటి కోసం జలసాధన సమితి లాంటి సంఘాలు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగాయి. ఎవరూ వినలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గం నుంచి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. నీళ్ల కోసం నిరసన అది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వెయ్యాల్సి వచ్చింది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. ఆ నిరసనకారులకు గెలుపు ఆశ లేదు, చాలామందికి డిపాజిట్లు కూడా దక్కలేదు. కానీ ఎక్కడో ఒక మూల జిల్లాలో నీళ్లు బాగాలేవన్న సంగతి దేశమంతటా తెలిసింది. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు.

ఆ నామినేషన్లు వేసినవాళ్లకు ఫ్రీ విల్ ఉందా? నాకు తెలియదు. వాళ్ల కోపం కూడా ఎక్కడినుంచో వచ్చిందే: ఇంట్లో వంకరపోయిన కాళ్ల నుంచి, ఎవరో ఊళ్లోకొచ్చి "ఇది రాత కాదు, నీళ్లు" అని చెప్పడం నుంచి. నాకు ముఖ్యం అనిపించేది ఇక్కడే. చెప్పిన మాట కూడా ఒక కారణమే. 'ఇది నీళ్లు' అన్న మాట ఒకడి చేత నామినేషన్ వేయించింది. 'ఇది రాత' అన్న మాట ఇంకొకరిని ఇంట్లో కూర్చోబెట్టింది. అంతా గొలుసే అని ఒప్పుకున్నా, ఆ గొలుసులో మనం పలికే మాట కూడా ఒక లింకు. కాబట్టి "అన్నీ ముందే రాసి ఉన్నాయి, మాట్లాడి ఏం లాభం" అనేవాడు ఒట్టినే కూర్చున్నట్టు కాదు. వాడు కూడా ఒక పని చేస్తున్నాడు, ఎదుటివాడి చేతిలోంచి ప్రశ్న లాక్కుంటున్నాడు.

మరి 'నేను కర్తను కాను' అనే మాట ఎందుకు పుట్టింది? నాకర్థమైనంతలో అది మందు. ఎవడి రోగానికి వాడే వేసుకోవాల్సిన మందు. రమణ మహర్షి కథ చూడండి. 1898 డిసెంబరులో తల్లి తిరువణ్ణామలై వచ్చి, ఇంటికి రమ్మని ఏడ్చింది. ఆయన మౌనంగా ఉండి, చివరికి ఒక కాగితం మీద రాసిచ్చాడు. జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదు, జరిగేది ఎంత ఆపినా ఆగదు, కాబట్టి మౌనమే మేలు అన్నది దాని సారాంశం. ఈ సంగతి అందరూ చెప్తారు. తర్వాతి సంగతి తక్కువమంది చెప్తారు. 1914లో అదే తల్లికి అక్కడ జ్వరం ముదిరింది. ఆయన పక్కనే ఉండి సేవ చేశాడు, నయం చెయ్యమని అరుణాచలేశ్వరుణ్ని వేడుకుంటూ పద్యాలు కూడా రాశాడు. జరిగేదే జరుగుతుందని ఊరుకోలేదు. తన జీవితం గురించి అన్న మాటను తల్లి జ్వరం మీద ప్రయోగించలేదు.

నా అభిప్రాయం ఇదే, ఒక్క వాక్యంలో: 'చేతిలో ఏమీ లేదు' అనే మాట ఎవరి గురించి వాళ్లు అనుకుంటే జ్ఞానం కావచ్చు, ఎదుటివాడి కష్టం చూసి మనం అంటే అన్యాయం. ఈ జిల్లాలో వెట్టిచాకిరీ నడిచిన రోజుల్లో దొర గడీలో పుట్టడం పుణ్యఫలమని, వెట్టివాడింట్లో పుట్టడం పాపఫలమని అనేవాళ్లు. అన్నవాళ్లెవరో, విన్నవాళ్లెవరో చూస్తే చాలు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయాక జనం ఆ లెక్కను ఒప్పుకోవడం మానేశారు.

మైండ్‌సెట్ గురువు మాట కూడా దీనికి తోబుట్టువే. 'అంతా నీ చేతిలోనే ఉంది' అంటే వినడానికి బలంగా ఉంటుంది. దాన్ని తిరగేసి చూడండి: 'నువ్వు పడుతున్న కష్టానికి నువ్వే కారణం.' మా అమ్మమ్మతో, "నువ్వు పాజిటివ్‌గా ఆలోచించలేదు కాబట్టి నడుము ఒంగింది" అని ఎవరైనా అనగలరా? పూర్వజన్మ పాపం అన్నా, ఈ జన్మ మైండ్‌సెట్ అన్నా, నేరం మోపేది పడిపోయినవాడి మీదే. నీళ్ల మీద కాదు. నీళ్లు తేవాల్సిన వాళ్ల మీద కాదు.

ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఇది రోజూ చూస్తాం. ప్యాకేజీ వచ్చినవాడు "అంతా నా కష్టం" అంటాడు. రానివాణ్ని చూసి "వాడి బ్యాడ్ లక్" అంటాడు, లేదా "వాడు సీరియస్‌గా తీసుకోలేదు" అంటాడు. నిజానికి తిరగెయ్యాలి. గెలిచినవాడు 'నేను కర్తను కాను' అనుకుంటే కొంచెం వినయం వస్తుంది. ఓడినవాడి దగ్గర కూర్చుని ఐదు కారణాలు లెక్కపెడితే కొంచెం దారి దొరుకుతుంది.

ఆ రాత్రి మేం అదే చేశాం. మావాడి బ్యాక్‌లాగ్‌కి గీతలోని ఐదూ ఒక కాగితం మీద రాశాం. శరీరం: పరీక్ష ముందు రోజు మూడు గంటలు నిద్ర. పనిముట్లు: పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు చేతిలో ఇంగ్లీషు పుస్తకం. ప్రయత్నం: పాత పేపర్లు రెండే రెండు. దైవం: పేపరు కష్టంగా రావడం, దిద్దేవాళ్ల మూడ్. ఇక కర్త. అక్కడ కాసేపు ఆగాం. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోతున్నావురా అని అడుగుతూ పోతే, లాప్లాస్ ఇన్వర్స్ అన్నీ వదిలేశాడని తేలింది. ఎందుకంటే పార్షియల్ ఫ్రాక్షన్స్ రావు. ఎందుకు రావంటే ఇంటర్‌లో ఆ చాప్టర్ చెప్పిన మూడు వారాలు వాడు కాలేజీలో లేడు. వాళ్ల నాయన కాలు విరిగితే నిమ్మతోటకు నీళ్లు పెట్టేవాళ్లు లేక ఇంటి దగ్గర ఉన్నాడు.

అది వాడి తప్పా? కాదు. రాతా? కాదు. వాడి రాతలో లేనిది పాసవడం కాదు, పార్షియల్ ఫ్రాక్షన్స్. అవి నేర్చుకోవడానికి నాలుగు సాయంత్రాలు పట్టాయి. ఫీజు రాత్రి పదకొండున్నరకు కట్టాడు. పరీక్ష రాశాడు. రిజల్ట్ ఇంకా రాలేదు. పాసవుతాడని నేను గ్యారంటీ ఇవ్వను. ఐదోది ఎప్పుడూ ఉంటుంది.

ఒక్క అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. రాత అనుకున్నందువల్లే కదా అమ్మమ్మ అన్నేళ్ల నొప్పిని మోయగలిగింది? ఆ ఓదార్పును తీసేసే హక్కు నాకు ఉందా? ఈ ఎండాకాలం పోయినప్పుడు ఆమెనే అడిగాను. ఇప్పుడు వాళ్ల ఊరికి మిషన్ భగీరథలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. తెలంగాణలో ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసం ఒక్కటీ మిగల్లేదని 2020లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. కాగితం మీద సున్నా. ఆమె నడుము అలాగే ఉంది. ఒకసారి గట్టిపడిన ఎముక వెనక్కి రాదు.

"అమ్మమ్మా, ఇది నీళ్ల వల్ల అని తెలిసినంక ఎట్లనిపించింది?"

చాలాసేపు ఏం అనలేదు. తర్వాత మెల్లగా అంది: "రాత అనుకున్నప్పుడు ఏడుపొచ్చేది బిడ్డా. నీళ్లని తెల్సినంక కోపమొచ్చింది. ఇంతమంది సదువుకున్నోళ్లు ఉండి, ఒక్కరన్న ముందుగాల చెప్పకపాయె."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం మా మామయ్య మనవరాలు వాకిట్లో ఆడుకుంటూ, దాహమై పాత బోరింగు దగ్గరికి ఉరికింది. ఇప్పటికీ ఊళ్లో బట్టలకు, బర్లకు ఆ నీళ్లే వాడతారు. మెడ తిరగని అమ్మమ్మ ఆ బోరింగు కిర్రుమన్న చప్పుడు విన్నది. గడప పట్టుకుని మనిషి మొత్తం అటు తిరిగి, వాడకట్టంతా వినపడేలా అరిచింది:

"అవి తాగకే పిల్లా! ఇంట్ల నల్లా నీళ్లున్నయ్, రా!"